డెట్రాయిట్ కింద ఉప్పు, చినగంజాంలో ఉప్పు: కారు తుప్పు వెనక కథ

ఈరోజు టాపిక్ మంచు దేశాల్లో చలికాలంలో కారు కడగడం. వేటపాలెంలో కూర్చుని దీని మీద ఎపిసోడ్ ఏంట్రా అని కొంతమంది నవ్వుకుంటారు, ఓకే. మనకి చలికాలం అంటే పొద్దున్నే కాస్త పొగమంచు, ఒక స్వెట్టర్, అంతే. కానీ చీరాల, వేటపాలెం, ఒంగోలు వైపు నుంచి ఎంఎస్‌కి వెళ్ళినవాళ్ళు మీ ఫ్రెండ్స్‌లో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. మిషిగన్, ఒహాయో, న్యూజెర్సీ వెళ్ళిన కుర్రాడు అక్కడ కొనే మొదటి పెద్ద వస్తువు చాలాసార్లు ఒక సెకండ్ హ్యాండ్ కారు. ఆ కారుని తినేసేది మంచు కాదు. ఉప్పు.

ఉప్పు గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. వేటపాలెంలో ఒంగోలు వైపు రైలెక్కితే కాసేపటికి చినగంజాం వస్తుంది. అక్కడ ఉప్పు కొఠార్లు, తెల్లటి గుట్టలు. ఇంకాస్త ముందుకెళ్తే ఉప్పుగుండూరు, ఊరి పేరులోనే ఉప్పుంది. ఈ ఉప్పు మీద బ్రిటిష్ వాళ్ళు పన్ను వేశారు. 1930లో ఆ పన్ను మణుగుకి రూపాయి పావలా. ఆ ఏడాది ఏప్రిల్ 6న గాంధీ దండిలో ఉప్పు చట్టాన్ని ధిక్కరిస్తే, మన జిల్లాల్లో కొండా వెంకటప్పయ్య, టంగుటూరి ప్రకాశం లాంటివాళ్ళు ముందు నిలబడ్డారు. ఒంగోలు దగ్గర దేవరంపాడు ఆ సత్యాగ్రహానికి ఒక శిబిరం. పిడికెడు ఉప్పు కోసం జనం లాఠీ దెబ్బలు తిన్నారు, జైలుకెళ్ళారు. ఉప్పు పన్ను పోయింది 1947లోనే.

ఇప్పుడు అదే టైమ్‌లో ప్రపంచానికి అటువైపు చూడండి. మనవాళ్ళు ఇంకా ఉప్పు మీద పన్ను కడుతున్న 1941-42 చలికాలంలో, అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం ఉప్పుని రోడ్ల మీద చల్లడాన్ని ఒక పాలసీగా పెట్టుకుంది. ఆ సీజన్లో అమెరికా హైవేల మీద చల్లింది మొత్తం సుమారు 5,000 టన్నులు. ఇప్పుడు ఏటా దాదాపు 2 కోట్ల టన్నులు.

అంతకుముందు ఏం చేసేవాళ్ళు? గుర్రబ్బళ్ళ కాలంలో మంచుని తీసేసేవాళ్ళే కాదు. పెద్ద రోలర్లతో తొక్కించి గట్టి చేసేవాళ్ళు. చక్రాల బండి పక్కన పెట్టి, జారుడు బండి కట్టేవాళ్ళు. కార్లు వచ్చిన కొత్తలో కూడా చాలామంది ఓనర్లు చలికాలం రాగానే రేడియేటర్లో నీళ్ళు తీసేసి, కారుని దిమ్మల మీద ఎక్కించి, షెడ్‌లో పెట్టేసేవాళ్ళు. 1920ల్లో పైకప్పు, అద్దాలు ఉన్న కార్లు మామూలయ్యాయి, యాంటీఫ్రీజ్ మార్కెట్‌లోకొచ్చింది. దాంతో ఏడాది పొడుగునా కారు నడపొచ్చు అనే ఆశ పుట్టింది. మొదట్లో రోడ్ల మీద ఇసుక, బొగ్గు బూడిద చల్లారు. 1956లో ఇంటర్‌స్టేట్ హైవేల చట్టం వచ్చాక, "తుఫాను ఆగిన కొన్ని గంటల్లో నల్లటి తారు కనపడాలి" అనేది రూల్ లాంటిది అయిపోయింది. ఆ పని ఇసుకతో అవ్వదు, ఉప్పుతోనే అవుతుంది.

సైన్స్ సింపుల్. మంచినీళ్ళు 0 డిగ్రీల దగ్గర గడ్డ కడతాయి. ఉప్పు కలిస్తే ఇంకా కిందకి వెళ్తేగానీ గట్టిపడవు. అయితే మామూలు ఉప్పు మైనస్ 9 డిగ్రీల దాకానే చురుగ్గా పనిచేస్తుంది. అంతకన్నా చలి ఉంటే కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ లాంటివి వాడతారు. ఇవి గాల్లో తేమని పీల్చుకుంటాయి. అంటే రోడ్డు ఆరిపోయినా, కారు కింద అంటుకున్న పొర తడిగానే ఉంటుంది.

ఇనుము తుప్పు పట్టడం అంటే ఒక చిన్న బ్యాటరీ నడవడం లాంటిది. ఇనుము, ఆక్సిజన్, తడి ఉంటే చాలు. ఆ తడిలో ఉప్పు ఉంటే కరెంటు ఇంకా సులువుగా పారుతుంది, తుప్పు స్పీడ్ పెరుగుతుంది. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. గడ్డకట్టే చలిలో ఈ రియాక్షన్ నెమ్మదిస్తుంది. ఉప్పు పట్టిన కారుని కడక్కుండా వెచ్చటి గ్యారేజీలో పెడితే మళ్ళీ ఊపందుకుంటుంది. కారుకి మంచి చేస్తున్నాం అనుకుంటూ తుప్పుకి సాయం చేస్తాం అన్నమాట.

ఇంకో తమాషా. కార్ల రాజధాని డెట్రాయిట్ కిందే పెద్ద ఉప్పు గని ఉంది. సుమారు 40 కోట్ల ఏళ్ళ కిందట ఆవిరైపోయిన సముద్రం అది. 1910 నాటికి గని సిద్ధమైంది, ఉప్పు 1,000 అడుగుల పైచిలుకు లోతులో ఉంటుంది. ఈరోజుకీ అక్కడి ఉప్పు రోడ్లకి వెళ్తోంది. కార్లు తయారైన ఊరు, వాటిని తినే ఉప్పు, రెండూ ఒకే చోట. అదే డెట్రాయిట్‌లో 2015లో తానా మహాసభలు జరిగాయి.

కంపెనీలు చూస్తూ ఊరుకోలేదు. కర్ట్ జీబార్ట్ అనే జర్మన్ మెకానిక్ 1959లో డెట్రాయిట్‌లోనే తుప్పు పట్టకుండా కోటింగ్ వేసే షాపు పెట్టాడు, అదే తర్వాత పెద్ద వ్యాపారమైంది. 1960ల నుంచి బాడీ మొత్తాన్ని పెయింట్ తొట్టిలో ముంచి కరెంటుతో పూత పట్టించే పద్ధతి వచ్చింది. 1970ల మధ్యలో పోర్షే 911కి, 1985లో ఆడి 100కి బాడీ అంతా జింక్ పూత ఉన్న స్టీల్ వాడారు. జింక్ తను ముందు కరిగిపోయి ఇనుముని కాపాడుతుంది. అందుకే పాత కార్లతో పోలిస్తే ఇప్పటి కార్ల డోర్లకి చిల్లులు చాలా తక్కువ.

మరి సమస్య తీరిపోయిందా? లేదు. పైన మెరుస్తుంది, కింద తింటుంది. టొయోటా టకోమా, టండ్రా, సెకోయా బండ్ల ఛాసిస్ తుప్పు మీద కేసు పడితే, 2016లో సుమారు 15 లక్షల వాహనాలకి సెటిల్‌మెంట్ కుదిరింది. విలువ 340 కోట్ల డాలర్ల దాకా అని లెక్క వేశారు. దానికి ఏడాది ముందు, 2015లో, అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఒక హెచ్చరిక ఇచ్చింది: ఉప్పు చల్లే రాష్ట్రాల్లో 2007, అంతకుముందు మోడల్ బండ్లు ఉన్నవాళ్ళు బ్రేక్ పైపులు చెక్ చేయించుకోండి, కారు అడుగు భాగం కడుగుతూ ఉండండి అని. బ్రేక్ పైపు తుప్పు పట్టి పగిలితే ఆయిల్ కారిపోతుంది, పెడల్ నేల దాకా వెళ్ళిపోతుంది. అది అందం గురించిన విషయం కాదు, ప్రాణం గురించిన విషయం.

అందుకే అక్కడున్న మీ ఫ్రెండ్స్‌కి ఈ లింక్ పంపండి. వాళ్ళు చెయ్యాల్సింది ఇదీ.

కారు కొనేముందు ఫోన్ టార్చ్ వేసి కిందకి వంగి చూడాలి. ఛాసిస్, బ్రేక్ పైపులు, డోర్ల అడుగు అంచులు చూడాలి. బండి ఏయే రాష్ట్రాల్లో తిరిగిందో హిస్టరీ రిపోర్టులో ఉంటుంది. చలికాలం మొదలవ్వకముందే వ్యాక్స్ వేయించి, అడుగున ఆయిల్ కోటింగ్ కొట్టించడం మంచిది. ఆల్రెడీ తుప్పు ఉన్నచోట గట్టి రబ్బరు లాంటి పూత వేస్తే తడి లోపలే చిక్కుకుంటుంది, జాగ్రత్త.

సీజన్లో పది, పదిహేను రోజులకోసారి, టెంపరేచర్ 0 పైన ఉన్న రోజు చూసి కడగాలి. కార్ వాష్‌లో అడుగు భాగానికి స్ప్రే ఉన్న ప్యాకేజీ తీసుకోవాలి. డబ్బులు మిగలాలంటే పైన షాంపూ మానెయ్యండి, కింద స్ప్రే మాత్రం మానొద్దు. చక్రాల గూళ్ళు, డోర్ల కింద నీళ్ళు పోయే చిన్న చిల్లులు శుభ్రంగా ఉండాలి. కడిగాక డోర్ల రబ్బర్లు పొడిగా తుడిచి సిలికాన్ రాయాలి, లేకపోతే రాత్రికి డోర్ అతుక్కుపోతుంది. గడ్డకట్టిన అద్దం మీద వేడినీళ్ళు అస్సలు పొయ్యకూడదు, పగులుతుంది. మంచుని పారతో కాదు, ఫోమ్ బ్రష్‌తో తోయాలి. వసంతంలో ఉప్పు చల్లడం ఆగాక ఒక పూర్తి వాష్ తప్పనిసరి. అప్పుడు వాతావరణం వెచ్చబడుతుంది, తుప్పుకి పండగ మొదలయ్యేది అప్పుడే.

ఈ ఉప్పు కార్లతో ఆగదు. కరిగిందంతా వాగుల్లోకి, నదుల్లోకి పోతుంది. మిషిగన్‌లోని ఫ్లింట్ నగరం 2014 ఏప్రిల్‌లో ఫ్లింట్ నది నీళ్ళకి మారింది. ఆ నీళ్ళలో క్లోరైడ్ ఎక్కువ. దానికి రోడ్డు ఉప్పు కూడా ఒక కారణం. అక్టోబర్‌కల్లా అక్కడి జనరల్ మోటార్స్ ఇంజిన్ ప్లాంట్, విడిభాగాలు తుప్పు పడుతున్నాయని, ఆ నీళ్ళు మానేసింది. పైపుల్ని కాపాడే మందు కలపకపోవడంతో సీసం కరిగి నీళ్ళలోకొచ్చింది. అయినా జనం ఇంకో ఏడాది అవే నీళ్ళు తాగారు. ఇంజిన్లకి పనికిరాని నీళ్ళు పిల్లలకి ఇచ్చారు. కారు తుప్పు కథ చివరికి అక్కడిదాకా వెళ్ళింది.

మరి మన సంగతి? మన రోడ్ల మీద ఉప్పు ఎవరూ చల్లరు, గాలే చల్లుతుంది. రామాపురం బీచ్‌కో, వాడరేవుకో బండి మీద వెళ్ళి అలల దాకా దింపి రీల్ తీసుకుని వచ్చేస్తాం. ఇంటికొచ్చి ఉప్పు బోరు నీళ్ళతో కడుగుతాం. ఉప్పుని ఉప్పుతో కడిగినట్టే అది. మంచినీళ్ళు ఒక్క బకెట్ అయినా సరే, చివర్లో అవే పొయ్యాలి. చైన్, సైలెన్సర్, ఛాసిస్ కింద పోసి, పొడి గుడ్డతో తుడవాలి. ఐదు నిమిషాల పని.

మీ బండి ఎక్కడ ముందుగా తుప్పు పట్టిందో కామెంట్లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.