రోగి మంచం పక్కన పుట్టిన మంచు విహారం

1894 మార్చి. స్విట్జర్లాండులో అరోసా అనే కొండ ఊళ్ళో ఒక హోటలు. తెల్లవారకముందే దావోస్ నుంచి బయల్దేరి, మధ్యలో ఉన్న మంచు కనుమ దాటుకుని ముగ్గురు మనుషులు మధ్యాహ్నం కాకుండానే అక్కడికి చేరారు. అతిథుల పేర్లు, వృత్తులు రాసుకునే పుస్తకాన్ని వాళ్ళ ముందు పెట్టారు. టోబియాస్ బ్రాంగర్ అనే దావోస్ వాసి, తమతో వచ్చిన ఇంగ్లీషు పెద్దమనిషి పేరు రాసి, దాని ఎదుట వృత్తి గడిలో క్రీడాకారుడు అని నింపాడు. ఆ పెద్దమనిషి ఆర్థర్ కానన్ డాయిల్. చదివింది వైద్యం, పేరు తెచ్చింది కథలు. మూడు నెలల కిందటే పత్రికలో షెర్లాక్ హోమ్స్‌ను రైఖెన్‌బాఖ్ జలపాతం దగ్గర చంపేసి లక్షల మంది పాఠకులకు దుఃఖం మిగిల్చినవాడు. అంతటివాడు ఆ గడిలోని మాట చూసి పొంగిపోయాడు. ముప్పయ్యేళ్ళ తరవాత ఆత్మకథ రాసినప్పుడు కూడా ఆ సంగతి మరచిపోలేదు.

ఈ చిన్న సంగతి చదివి నేను మురిసిపోయాను. కాళ్ళకు స్కీలు కట్టుకుని మంచు కొండల్లో సెలవులు గడిపే అలవాటు ఎక్కడ మొదలైందో తెలుసుకుందామని దాని వెంట వెళితే, ఆ గడి వెనక ఏకంగా ఒక ఆసుపత్రి ఊరు కనిపించింది. డాయిల్ దావోస్‌కు ఆటల కోసం రాలేదు. 1893లో ఆయన భార్య లూయిసాకు క్షయ అని తేలింది. నెలలే మిగిలాయన్నారు వైద్యులు. కొండగాలి పడితే ప్రాణం నిలుస్తుందేమోనన్న ఆశతో ఆమెను తీసుకుని ఇక్కడికి వచ్చాడు. ఆమె 1906 దాకా బతికింది.

తెలుగు పత్రికల్లో దావోస్ పేరు జనవరి నెలలో, పెట్టుబడుల సదస్సుల వార్తల్లో కనిపిస్తుంది. మంత్రులు, అధికారులు, పారిశ్రామికవేత్తలు కోట్లు వేసుకుని మంచులో నడిచే ఫొటోలు మనకు అలవాటే. ఆ సదస్సులు మొదలైంది 1971లో. అంతకు నూరేళ్ళ ముందు నుంచే యూరప్‌లో దావోస్ అంటే క్షయకు మారుపేరు. జర్మనీలో 1848-49 తిరుగుబాటులో పాల్గొని దేశం విడిచి వచ్చిన అలెగ్జాండర్ స్పెంగ్లర్ 1853లో ఈ లోయలో పల్లె వైద్యుడిగా కుదురుకున్నాడు. సముద్రమట్టానికి 1,560 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళలో క్షయ కనిపించడం లేదని గమనించాడు. 1865 ఫిబ్రవరిలో ఇద్దరు జర్మన్ రోగులు నడి చలికాలంలో బండిలో వచ్చి దిగారు. చలికాలంలో కొండల్లోకి వెళ్ళడమంటే అప్పటివాళ్ళకు పిచ్చిపని. ఇద్దరూ కోలుకున్నారు. ఆ కబురు పాకి రోగులు రావడం మొదలైంది. 1890 నాటికి రైలే వచ్చేసింది.

వైద్యమల్లా విశ్రాంతే. రోగులు గొంతు దాకా దుప్పట్లు కప్పుకుని, ఎండ తగిలే వసారాల్లో గంటల తరబడి కదలకుండా పడుకోవాలి. అదే సూత్రం తరవాత మన మదనపల్లె దాకా వచ్చింది. 1915లో మొదలైన ఆరోగ్యవరం శానటోరియాన్ని తొలినాళ్ళలో నడిపినవాడు ఫ్రిమాట్ మోలర్ అనే డేనిష్ వైద్యుడు. అక్కడా మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతే మందు.

రోగి పడుకుంటాడు సరే, పక్కనున్నవాళ్ళు ఏం చేయాలి? మన ఆసుపత్రుల్లో రోగికి తోడు వచ్చిన బంధువులు వరండాల్లో రోజులు లెక్కపెట్టుకోవడం అందరం చూసిందే. దావోస్‌లో ఆ నిరీక్షణ వారాలు కాదు, చలికాలాలకు చలికాలాలు సాగేది. భర్తలు, అక్కచెల్లెళ్ళు, కొడుకులు, స్నేహితులు. ఒంట్లో బలముంది, చేతినిండా తీరిక ఉంది, మనసులో దిగులుంది. కాస్త నయమైన రోగులూ వీళ్ళతో కలిసేవాళ్ళు. వీళ్ళందరి కోసమే ఐస్ స్కేటింగ్ మైదానం, మంచుబండ్ల పందేలు పుట్టాయి. ఊపిరితిత్తుల జబ్బుతో 1880లో వచ్చిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ మంచుబండి మీద జారుతూ మురిసిపోయేవాడు. మరుసటి చలికాలం ఇక్కడే ట్రెజర్ ఐలాండ్ నవల ముగించాడు. కొండల్లో చలికాలపు సెలవు అనే ఆలోచనకు పుట్టినిల్లు రోగుల పక్కన కూర్చున్న మనుషుల తీరికే అని నా నమ్మకం. పర్యాటక శాఖలు వేసే పుస్తకాల్లో ఈ మాట ఎక్కడా పెద్ద అక్షరాల్లో ఉండదు. ఉండాలి.

స్కీలు ఇక్కడికి చేరింది కొంచెం ఆలస్యంగానే. బ్రాంగర్ సోదరులు టోబియాస్, యోహాన్ దావోస్‌లో చిన్న వ్యాపారస్థులు. టోబియాస్ 1889 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో నార్వే స్కీలు చూశాడంటారు. తెప్పించుకున్నాడు సరే, నేర్పేవాళ్ళు లేరు. కాళ్ళకు చెక్కలు కట్టుకుని పడుతూ లేస్తూ ఉంటే ఊరంతా నవ్వింది. అందుకని అన్నదమ్ములు చీకటి పడ్డాక సాధన చేసేవాళ్ళు. వెన్నెల్లో, ఎవరూ చూడకుండా, పడ్డ చోటే మళ్ళీ లేచి. విచిత్రం ఏమిటంటే ఇదే కాలంలో గ్లారస్ అనే మరో స్విస్ ఊళ్ళో క్రిస్టోఫ్ ఇజెలిన్ అనే అతనూ ఇరుగుపొరుగు నవ్వులకు జడిసి చీకట్లోనే నేర్చుకున్నాడు. ఇప్పుడు కోట్ల వ్యాపారం చేస్తున్న ఈ ఆటకు స్విట్జర్లాండులో ఆరంభం ఇంత సిగ్గుపడుతూ జరిగింది.

1893 మార్చిలో బ్రాంగర్ సోదరులు ఒక స్నేహితుడితో కలిసి 2,440 మీటర్ల ఎత్తున్న మాయెన్‌ఫెల్డర్ ఫుర్గా కనుమ దాటి అరోసాకు వెళ్ళారు. మరుసటేడు అదే దారిలో డాయిల్‌ను తీసుకెళ్ళారు. అంతకుముందు యాకబ్స్‌హార్న్ కొండ ఎక్కించి అలవాటు చేశారు. ఆ స్కీలు ఎనిమిదడుగుల పొడవు, నాలుగంగుళాల వెడల్పు ఉన్న ఎల్మ్ చెక్కలు. ముందు కొస పైకి వంగి ఉంటుంది. నడిమధ్య తోలు పట్టీలు. చేతిలో ఒక్క ఊతకర్ర. ఎక్కేటప్పుడు వాలుకు అడ్డంగా వంకరటింకరగా నడవాలి, దిగేటప్పుడు జారాలి. ఒక చోట దిగుడు మరీ నిట్టనిలువుగా ఉండటంతో అన్నదమ్ములు స్కీలను జతచేసి కట్టి బండిలా చేసుకుని దాని మీద కూర్చున్నారు. డాయిల్ స్కీలు ఆయన్ను వదిలి ముందే జారిపోయాయి. ఆయన కూర్చున్నపాటున కిందికి వచ్చాడు. హారిస్ ట్వీడ్ బట్ట ఎన్నటికీ చిరగదని దర్జీ ఇచ్చిన హామీకి ఆ కొండవాలు మీదే పరీక్ష జరిగింది, బట్ట ఓడిపోయింది.

ఆ ఏడాది డిసెంబరులో స్ట్రాండ్ పత్రికలో డాయిల్ ఈ ప్రయాణం గురించి రాశాడు. తన ఒంటి మీద తనకు మరీ గౌరవం ఎక్కువైన మనిషికి స్కీలే తగిన మందని అందులో చెప్పాడు. వందలాది ఇంగ్లీషువాళ్ళు స్కీల కోసమే స్విట్జర్లాండుకు వచ్చే రోజు వస్తుందనీ అన్నాడు. వచ్చింది. ఆ వచ్చిన జనానికి డాయిల్ పేరే గుర్తుండిపోయింది. దావోస్ ఉన్న గ్రిజన్స్ ప్రాంతంలోకి స్కీలు తెచ్చిన మొదటివాణ్ణి తానేనని ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. వెంటనే, కనీసం లోయ నుంచి లోయకు వెళ్ళడానికి అవి పనికొస్తాయని చూపించినవాణ్ణి అని సవరించుకున్నాడు. సవరించినా న్యాయం కాదు. దారి చూపినవాళ్ళు, ముందు నడిచి మంచులో మెట్లు తొక్కినవాళ్ళు, ఊరి నవ్వులు భరించినవాళ్ళు బ్రాంగర్ సోదరులు. రాయగలిగినవాడి పేరు నిలవడం, చేసినవాడి పేరు జారిపోవడం చరిత్రలో కొత్త కాదు. అయినా ఒప్పుకోవడానికి మనసు రాదు.

డాయిల్ ఆత్మకథ అచ్చయింది 1924లో. ఆ సంవత్సరం దగ్గర ఆగాలి. అదే ఏడు ఉత్తర స్వీడన్‌లో కాల్వ్‌ట్రాస్క్ అనే చోట బురదనేలలో ఒక పాత స్కీ జత దొరికింది. వాటి వయసు దాదాపు 5,200 ఏళ్ళని తరవాత లెక్క తేలింది. వాటితో దొరికిన కర్ర ఒక కొస పారలా ఉంది. ఊతకూ అదే, మంచు తవ్వడానికీ అదే. వేటకు, కట్టెలకు, పొరుగూరికి వెళ్ళడానికి స్కీలే ఉత్తర దేశాల కాళ్ళు. కొన్ని చోట్ల రెండు స్కీలూ సమానంగా ఉండేవి కావు. జారడానికి ఒక పొడుగాటిది, నేలను తన్నడానికి అడుగున జంతుచర్మం తొడిగిన పొట్టిది.

తరవాతి వేల ఏళ్ళలో జరిగింది స్థూలంగా చెప్పుకోవచ్చు. ఈ పనిముట్టును ఆటగా మార్చిన వాళ్ళలో ముందు చెప్పాల్సింది నార్వేలోని మోర్గెడాల్‌కు చెందిన సోండ్రే నోర్‌హైమ్ అనే పేద రైతు. మెలిపెట్టిన చెట్టు రెమ్మలతో మడమ చుట్టూ కట్టు వేసి, దూకినా మలుపు తిరిగినా స్కీ కాలి నుంచి ఊడకుండా చేశాడు. చివరికి అమెరికా వలసపోయి, నార్త్ డకోటా మైదానాల్లో 1897లో కన్నుమూశాడు. ఇంకొకడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్. 1888లో మరో అయిదుగురితో గ్రీన్‌లాండ్‌ను అడ్డంగా దాటి పుస్తకం రాశాడు. ఆ పుస్తకం చదివి యూరప్ కుర్రకారు నార్వేకు స్కీల కోసం ఉత్తరాలు రాసింది. డాయిల్‌కు ఆసక్తి పుట్టించిందీ నాన్సెన్ యాత్రే.

మళ్ళీ 1924. ఆ ఏడాది షామొనీలో తొలి శీతాకాల ఒలింపిక్స్ జరిగాయి. స్కీ పోటీలంటే అక్కడ మంచులో సుదూరం పరుగు, ఎగిరి దూకడం, ఆ రెండూ కలిపినది. కొండ మీంచి కిందికి జారే పోటీ ఒక్కటీ లేదు. అది ఒలింపిక్స్‌కు వచ్చింది 1936లో. అదే 1924 చివర్లో థామస్ మన్ నవల ది మ్యాజిక్ మౌంటెన్ వెలువడింది. 1912లో భార్య కాట్యా వైద్యం కోసం దావోస్‌లో ఉన్నప్పుడు చూడవచ్చిన మన్‌కు అక్కడే ఈ కథ బీజం పడింది. అంటే ఈయన కూడా రోగి పక్కన కూర్చున్న మనిషే. అందులో నాయకుడు శానటోరియం నియమాలను కాదని దొంగచాటుగా స్కీలు కొంటాడు, నేర్చుకుంటాడు, ఒంటరిగా మంచు తుపానులో చిక్కుకుంటాడు. చావుబతుకుల గురించి ఆ నవల చెప్పదలచిన అసలు మాట ఆ అధ్యాయంలోనే ఉంది. స్కీల గురించి ప్రపంచ సాహిత్యంలో ఇంతకన్నా గొప్ప రాత నేను చదవలేదు.

ఆ తరవాత వచ్చింది యంత్రం. 1930ల మొదట్లో దావోస్‌లో పార్సెన్ కొండ మీదికి తాడు రైలు వేశారు. 1934 క్రిస్మస్ ముందు రోజు బోల్గెన్ వాలు మీద, కొక్కేనికి ఆనుకుని నిలబడితే పైకి లాక్కెళ్ళే లిఫ్టు తిరగడం మొదలైంది. ఎక్కే పని యంత్రం తీసుకుంది, మనిషికి దిగడమే మిగిలింది. ఎక్కక్కర్లేనప్పుడు మడమ లేవాల్సిన అవసరం ఏముంది? మడమను స్కీకి బిగించేసే కట్లు వచ్చాయి. అప్పటిదాకా ఒక్కటిగా ఉన్నది రెండు ఆటలుగా చీలింది. మడమ లేపుతూ లోయల్లో, అడవుల్లో నడిచేది క్రాస్‌కంట్రీ అయింది. జనం, డబ్బు, హోటళ్ళు మడమ బిగించి కిందికి జారే రెండోదాని వెంట వెళ్ళాయి. పోయిందేమిటో చెప్పాలి. పొద్దున ఒక ఊళ్ళో బయల్దేరి సాయంత్రానికి ఇంకో ఊళ్ళో తేలే ప్రయాణం పోయింది. ఎక్కిన వాలు కొద్దీ దిగే హక్కు వచ్చేది. ఇప్పుడు టికెట్టు కొద్దీ వస్తోంది. ఒకే వాలు మీద రోజంతా పైకీ కిందికీ తిరిగినవాడికి పక్క లోయ పేరు తెలియాల్సిన పని లేదు. దీన్ని నేను ప్రగతిగా లెక్కపెట్టలేను.

ఆ పాత పద్ధతిని పట్టుకుని వేలాడినవాళ్ళూ ఉన్నారు. 1875లో నార్వేలో పుట్టి కెనడాలో స్థిరపడిన హెర్మన్ స్మిత్ యోహాన్సెన్‌ను అందరూ జాక్‌రాబిట్ అని పిలిచేవాళ్ళు. 1930లలో లారెన్షియన్ కొండల్లో ఊరికీ ఊరికీ, హోటలుకూ హోటలుకూ మధ్య స్కీ దారులు వేశాడు. నూరేళ్ళు దాటాక కూడా స్కీలు వదలలేదు. 1987లో, 111 ఏళ్ళ వయసులో పోయాడు. సౌండ్ ఆఫ్ మ్యూజిక్ సినిమా చూసినవాళ్ళకు ట్రాప్ కుటుంబం తెలుసు. ఆస్ట్రియా నుంచి వలసపోయిన ఆ కుటుంబం అమెరికాలో వెర్మాంట్ కొండల్లో అతిథిగృహం నడిపింది. ఇంటి చిన్న కొడుకు యోహానెస్ 1968లో అక్కడ క్రాస్‌కంట్రీ స్కీ కేంద్రం తెరిచాడు. ఆ దేశంలో వ్యాపారపద్ధతిలో నడిచిన ఇలాంటి కేంద్రాల్లో అదే మొదటిదని చెబుతారు. మరుసటి సంవత్సరమే స్విట్జర్లాండులో ఎంగడిన్ స్కీ మారథాన్ మొదలైంది. లిఫ్టులో ఎక్కి విసిగినవాళ్ళు మళ్ళీ లోయల వైపు చూడసాగారు.

దావోస్‌లోనూ ఆ చూపు తిరిగింది. క్షయకు మందు దొరికాక శానటోరియాలు ఒక్కొక్కటే హోటళ్ళయ్యాయి. 1900లో తెరిచిన షాట్సాల్ప్ కూడా ఇప్పుడు హోటలే. లోయ అడుగున, సెర్టిగ్, డిష్మా, ఫ్లూయెలా వాగుల వెంట క్రాస్‌కంట్రీ దారులున్నాయి. రెండు గాడులు పాత పద్ధతిలో నడిచేవాళ్ళకు, పక్కన వెడల్పు దారి 1980లలో వచ్చిన స్కేటింగ్ పద్ధతివాళ్ళకు. ఇప్పుడు మంచుకే కరువొచ్చింది. అందుకని చలికాలపు మంచును గుట్టగా పోసి, వేసవంతా రంపపు పొట్టు కప్పి కాపాడి, అక్టోబరు చివర్లో పరిచి దాదాపు 4 కిలోమీటర్ల దారి వేస్తున్నారు. మంచుకు పేరుపడ్డ ఊరు మంచును దాచుకోవాల్సి రావడం బాధే. కానీ ఆ దాచిన మంచును వాళ్ళు లిఫ్టు కింద వాలుకు పోయకుండా, కాళ్ళతో నడిచేవాళ్ళ దారికి పోశారు. ఇది నాకు నచ్చింది.

జనవరి సదస్సులకు వెళ్ళే మన తెలుగువాళ్ళు ఒక్క పూట ఖాళీ చేసుకుని ఆ దారుల్లో ఒక గంట నడవాలని కోరుకుంటున్నాను. బూట్లు, స్కీలు అక్కడే అద్దెకిస్తారు. మొదటి గంటలో పడతారు, అందరూ పడ్డవాళ్ళే. ఈ ఊరికి సంపద తెచ్చిన ఆట, జబ్బు మనిషిని విడిచి వెళ్ళలేక ఆగిపోయినవాళ్ళ మధ్య, చీకట్లో సాధన చేసిన ఇద్దరు అన్నదమ్ముల కాళ్ళ మీద మొదలైందని తెలిసి నడిస్తే ఆ గంటకు విలువ ఎక్కువ.