నిజాము రైలుమార్గము – చాందా వివాదము

రైలుమార్గముల చరిత్ర వ్రాయువారు సాధారణముగా మార్గము తెరచిన సంవత్సరమును, దాని పొడవును, స్టేషను భవనముల శైలిని పేర్కొందురు. ఇవి తెలియదగినవే. కాని ధనము సమకూర్చిన దెవరు, నష్టము వచ్చినచో భరింపవలసిన దెవరు అను ప్రశ్నలు లేనిదే ఆ చరిత్ర సమగ్రము కాదని మా యభిప్రాయము. హైదరాబాదు సంస్థానమున ఈ ప్రశ్నలు 1883లోనే తలయెత్తినవి. వాని నిట సంగ్రహముగా పరిశీలింతుము.

1871లో బొంబాయి, మద్రాసు మార్గములు రాయచూరు వద్ద కలిసికొన్నవి. ఆ ప్రధానమార్గము సంస్థానపు నైరృతి భాగముననే సాగిపోయెను. రాజధానికి రైలు లేదు. ఆ మార్గముపై నున్న వాడీ నుండి సికింద్రాబాదునకు వేసిన శాఖను 1874 అక్టోబరులో తెరచిరి. అప్పుడు దివాను మొదటి సాలార్ జంగు. సికింద్రాబాదు ఆంగ్లసైన్యపు దండు. కావున ఈ మార్గము బ్రిటిషువారికి సైనికావసరము. వ్యయభారము మాత్రము ముఖ్యముగా నిజాము ప్రభుత్వముపై బడెను.

1883 ఫిబ్రవరిలో సాలార్ జంగు మరణించెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు ఇంకను యుక్తవయస్సు రాలేదు; 1884 ఫిబ్రవరిలో గాని రాజ్యాధికార మాయన చేతికి రాలేదు. ఈ నడిమికాలముననే చాందా రైలుపథకము వివాదగ్రస్తమైనది. ఉన్న మార్గమును లండను కంపెనీ కప్పగించుట, దానిని తూర్పున బెజవాడకును ఉత్తరమున చాందా దిక్కునకును పొడిగించుట, కంపెనీ మూలధనముపై వడ్డీకి నిజాము ప్రభుత్వము పూచీపడుట – ఇవి అందలి ముఖ్యాంశములు. రైలు లాభించినను లాభింపకున్నను గడువు తీరువరకు వడ్డీ చెల్లవలసినదే. నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అను పేరున ఆ పూచీయే నిలిచియున్నది.

నగరమునందలి విద్యావంతులు కొందరు పథకపు షరతులను ప్రజలకు వెల్లడింపవలెనని కోరిరి. వారిలో అఘోరనాథ చటోపాధ్యాయులు, ముల్లా అబ్దుల్ ఖయ్యూము ముఖ్యులు. అఘోరనాథులు సరోజినీ నాయుడు తండ్రి, సంస్థానమున ఆంగ్లవిద్యకు పునాది వేసిన విద్యావేత్త. అదే సంవత్సరమున ఆయనను సంస్థానము నుండి బహిష్కరించిరి; కొన్నియేండ్ల పిమ్మట మరల రానిచ్చిరి. వీరు రైలును వలదన్నవారు కారు. రాజ్యముపై బడు ఋణభారమెంతయో తెలుపుడనిరి. ఈ భేదమును గుర్తింపనిచో వారిని అభివృద్ధి నిరోధకులుగా భ్రమపడుదుము.

ఒడంబడిక ఆగలేదు. మార్గము 1886లో వరంగల్లును, 1889లో బెజవాడను చేరినది. సింగరేణి బొగ్గునకు దారి ఏర్పడినది. తెలంగాణము కోస్తాంధ్రముతో ఇనుపబాటచే కలిసినది. ఈ ప్రయోజనమును కాదనుటకు వీలులేదు. ఐనను వివాదమునకు పేరిచ్చిన చాందా దిక్కు మార్గము, కాజీపేట–బల్లార్షా శాఖగా, 1929లో గాని పూర్తికాలేదు. 1930లో నిజాము ప్రభుత్వము రైలును కంపెనీ నుండి కొని తన యాజమాన్యమునకు తెచ్చుకొనెను. పూచీ యిచ్చిన ప్రభుత్వమే తుదకు వెల చెల్లించి మార్గమును పొందినదన్నమాట.

సంస్థానమున పౌరచైతన్యమును గూర్చి వ్రాయువారు గ్రంథాలయోద్యమముతోను ఆంధ్ర జనసంఘముతోను ఆరంభించుట వాడుక. తెలుగునాట ప్రజాసంస్థల దృష్టితో అది యుక్తమే. కాని ప్రభుత్వపు లెక్కలు తెలియగోరుట పౌరుని హక్కను భావము అంతకు ముందే ఒక రైలుమార్గమును గూర్చి ప్రకటితమైనది. ప్రాచీన స్టేషనులను పరిశోధించు విద్యార్థులు వాని గోడలతోపాటు ఒడంబడిక పత్రములను గూడ చదువవలెనని మా మనవి.