పేరులేని దేహాల పాఠం

శరీర నిర్మాణ శాస్త్ర చరిత్రలో కోసినవాళ్ల పేర్లుంటాయి. కోతకు గురైనవాళ్ల పేర్లుండవు. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో పండిత మధుసూదన గుప్తా శవాన్ని కోసి మైల కట్టుబాటును దాటాడని ఇప్పటికీ చెప్పుకుంటాం. మంచిదే. ఆ శవం ఎవరిది?

ఊరికే అడగడం లేదు. పాఠ్యపుస్తకం ఒకే దేహాన్ని చూపిస్తుంది. మనుషులు ఒకేలా ఉండరు. బొటనవేలూ చిటికెనవేలూ కలిపి మణికట్టు వంచితే చాలామందికి మధ్యలో నరంలాంటి తాడు లేస్తుంది. కొందరికి ఆ కండరమే ఉండదు. అది జబ్బు కాదు. పిత్తాశయానికి పోయే రక్తనాళమూ అందరిలో ఒకే దారిన పోదు. అది తెలియని సర్జన్ చేతిలో ప్రాణమే పోవచ్చు. ఈ తేడాలు నేర్వాలంటే ఎన్నో దేహాలు కావాలి.

అవెక్కణ్ణుంచి వచ్చాయి? ఇంగ్లండులో 1832 చట్టం అడిగేవాళ్లు లేని పేదల శవాల్ని కోతబల్లకు చేర్చింది. 1949 బొంబాయి చట్టమూ ఆ దారే పట్టింది. దిక్కులేని చావంటే ఏమిటో గోరంట్ల నుంచి కరువుకు బెంగుళూరు వలసపోయే కూలీలకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఇక్కడి పల్లెల్లో చచ్చిన గొడ్డు తోలు ఒలిచింది మాదిగలు. ఒక గొడ్డు లోపల ఇంకో గొడ్డులా ఉండదని తెలియకుండా ఆ పని సాగదు. అదే చూపు కాలేజీలో శాస్త్రమైంది, వాడలో మైలయింది.

అనంతపురంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2000లో వచ్చింది. వాడల పిల్లలు ఇప్పుడు కోతబల్ల ఇవతల నిలబడుతున్నారు. దేహాల్లో తేడాలు చెప్పే పంతుళ్లు ఆ దేహాలు ఎవరివో కూడా పాఠంలో చెప్పాలి.