తిరిగివచ్చు విద్యుత్తు

ఆరినదనుకొన్న నిప్పు నివురు క్రింద దాగియుండుట మన మెరుగుదుము. అట్లే, ఖాళీ యైనదనుకొన్న విద్యుత్పాత్రలో విద్యుత్తు మరల కానవచ్చును. ఈ వింతకు కారణము తేలుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

1745లో పొమిరేనియాయందు ఫాన్ క్లైస్టును, 1746లో హాలెండు దేశపు లైడెన్ నగరమున ముషెన్‌బ్రూక్ పండితుడును, విద్యుత్తును నిలువచేయు గాజు జాడీని వేర్వేరుగా కనుగొనిరి. పిమ్మట దానికి లోపల, వెలుపల లోహపు రేకులు అంటించిరి. ఆ రేకులను తీగతో కలిపినంతనే మెరుపు పుట్టి జాడీ ఖాళీ యగును. కాని కొంతసేపు తాళి మరల కలిపినచో, చిన్న మెరుపు రెండవమారు కలుగును. దీనిని శేషవిద్యుత్తు అనిరి. విద్యుత్తు కొంత గాజులోనికి చొచ్చి, మరల వెలువడుచున్నదని ఫారడే తలచెను.

1873లో మాక్స్‌వెల్ తన మహాగ్రంథమున వేరొక మార్గము చూపెను. ఏ పొరకును విడిగా ఈ గుణము లేకున్నను, భిన్నములగు పొరలు కూడినచో అది పుట్టునని గణితముచే నిరూపించెను.

సమానమగు దళసరి గల రెండు పొరలకు 100 వోల్టులు పెట్టితిమనుకొందము. విద్యుత్తును నిలుపుకొను శక్తి రెంటికిని ఒక్కటే. కాని రెండవపొర 9 రెట్లు అధికముగా విద్యుత్తును జారవిడుచును. తొలుత పొరకు 50 వంతున పంచుకొనును. కాలక్రమమున మొదటిపొరపై 90, రెండవదానిపై 10 నిలుచును; విద్యుత్తు పొరల సంధియందు పోగగును. ఇదియే సంధితల ధ్రువణము. అంతట కొనలను క్షణకాలము కలిపినచో, వెలుపల శూన్యము. లోపల మాత్రము ఒకదానిలో 40, రెండవదానిలో ఎదురుగా 40 మిగులును. రెండవది త్వరగా జారిపోగా, మొదటిది బయటపడును.

1914లో వాగ్నర్ ఈ సిద్ధాంతమును నిరోధకమున చెదరియున్న సూక్ష్మగోళములకు విస్తరింపజేసెను. 1937లో సిల్లర్స్ కోలగానున్న కణములకును అన్వయించెను.

ఇది కేవలము పండితుల వినోదము కాదు. 50 వోల్టులకు తగినట్లు చేసిన పొర 90 మోయవలసివచ్చినచో పగులవచ్చును. ఖాళీ చేసిన పెద్ద విద్యుత్పాత్ర, ముట్టినవాని ప్రాణము తీయవచ్చును. కావుననే అట్టివాని కొనలను తీగతో కలిపియే భద్రపరుతురు. ఆ చిన్న తీగ వెనుక ఇంతటి చరిత్ర గలదు.