వెల్డింగులో ఇంటి వస్తువుల వాడకము

వెల్డింగులో ఇంటి వస్తువుల వాడకము అనగా లోహపు ముక్కలను అతికేటప్పుడు, దుకాణములో అమ్మే పూరక కడ్డీలకు (ఫిల్లరు రాడ్లకు) బదులుగా ఇంటిలోను, పొలములోను, పాత సామాను కుప్పలోను దొరికే తీగ, రేకు, ఇత్తడి ముక్క వంటివాటిని కరిగించి అతుకులో నింపడము. అతుకు ముఖాలను శుభ్రపరచడానికి ఇసుక, వెలిగారము, నవాసాగరము వాడడము కూడా ఇందులో భాగమే. నరసరావుపేట, మాచర్ల, గురజాల పట్టణాలు గల పల్నాడు వంటి వ్యవసాయ ప్రాంతాలలో పని మధ్యలో గొర్రు విరిగినా, స్ప్రేయరు ట్యాంకు పగిలినా ఆ రోజే బాగుచేసుకోవలసి వస్తుంది. అటువంటప్పుడు చేతికి దొరికినదానితో అతకడము సహజము. (పల్నాడు 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుండి వేరుపడి, నరసరావుపేట కేంద్రముగా ప్రత్యేక జిల్లా అయినది.)

అతుకు చూడడానికి నిండుగా ఉన్నంత మాత్రాన గట్టిదని చెప్పలేము. పూరక లోహములో ఏ మూలకాలున్నాయి, కరిగినప్పుడు దానిని గాలి నుండి ఏది కాపాడింది అనే రెండు విషయాలపై అతుకు బలము ఆధారపడుతుంది. ఇంటి వస్తువులు కొన్ని పనులకు చక్కగా సరిపోవడానికి, మరికొన్ని పనులలో ప్రాణము మీదికి తేవడానికి కారణము ఇదే.

కొలిమి అతుకు

పూర్వము నాగటి కర్రులు, గొడ్డళ్ళు, బండి చక్రాల పట్టాలు కమ్మరి కొలిమిలోనే అతికేవారు. ఇందుకు ప్రతిఫలముగా రైతులు పంట చేతికి వచ్చినప్పుడు ధాన్యరూపములో ఇచ్చే వాటాను మేర అంటారు. ఈ పద్ధతిలో పూరక కడ్డీ అనేదే లేదు. రెండు ముక్కలను 1250 నుండి 1350 డిగ్రీల సెంటీగ్రేడు వరకు, అంటే పసుపు కలిసిన తెలుపు రంగు వచ్చేవరకు కాల్చి, దాగలి మీద ఒకదానిపై ఒకటి ఉంచి సమ్మెటతో కొడితే అవి కరగకుండానే ఏకమవుతాయి. గుప్తుల కాలము నాటి ఢిల్లీ ఇనుప స్తంభము కూడా ఇనుప ముద్దలను ఇలా కొట్టి కలిపి చేసినదే.

ఇక్కడ అడ్డు వచ్చేది కాలిన ఇనుము మీద ఏర్పడే చిట్టెము, అంటే ఐరన్ ఆక్సైడు. ఇది కరగడానికి సుమారు 1370 డిగ్రీలు కావాలి. కమ్మరి చల్లే శుభ్రమైన ఇసుకలోని సిలికా దీనితో కలిసి సుమారు 1200 డిగ్రీలకే కరిగే గాజు వంటి పదార్థముగా మారుతుంది. దెబ్బ పడగానే అది పక్కలకు చిమ్మి, శుభ్రమైన లోహము లోహాన్ని తాకుతుంది. గొడ్డలి అంచుకు పాత ఆకురాయి ముక్కనో, లారీ కమాను పట్టా ముక్కనో ఉక్కుగా పెట్టి అతికేటప్పుడు మాత్రము ఇసుక చాలదు. ఉక్కులో కర్బనము ఎక్కువ కనుక అది త్వరగా మాడిపోతుంది, అంత వేడి పెట్టకూడదు. అందుచేత 743 డిగ్రీలకే కరిగే వెలిగారము వాడుతారు. వెలిగారాన్ని ముందుగా పెనము మీద పొంగించి, నీరు పోయిన తరువాత పొడిచేసి వాడితే కొలిమిలో చిటపటలాడి ఎగిరిపోదు.

మాటు వేయడము

చిల్లు పడిన బిందెకు మాటు వేయడము వెల్డింగు కాదు. ఇందులో బిందె లోహము కరగదు, టంకము మాత్రమే కరుగుతుంది. తగరము 63 పాళ్ళు, సీసము 37 పాళ్ళు కలిసిన టంకము 183 డిగ్రీలకే కరుగుతుంది కనుక కుంపటిలో కాల్చిన ఇనుముతోనే పని జరుగుతుంది. చిల్లు చుట్టూ రుద్దే నవాసాగరము (అమ్మోనియం క్లోరైడు) వేడికి విడిపోయి, దాని నుండి వచ్చే ఆమ్లపు ఆవిరి లోహము మీది మైలను తీసివేస్తుంది.

సీసము కలిసిన టంకమును వంటపాత్ర లోపలివైపు వాడకూడదు. చింతపండు పులుసు, మజ్జిగ వంటి పుల్లని పదార్థాలలోనికి సీసము దిగుతుంది. రక్తములో సీసము ఇంత వరకు ఉండవచ్చునని చెప్పదగిన సురక్షిత పరిమితి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. పిల్లల మెదడు ఎదుగుదలకు ఇది అధికముగా హాని చేస్తుంది. ఇత్తడి పాత్రలకు పూసే కళాయి స్వచ్ఛమైన తగరముతో చేయవలసి ఉండడానికి కారణము కూడా ఇదే. సత్తు (అల్యూమినియము) గిన్నెలకు ఈ మాటు పట్టదు. అల్యూమినియము 660 డిగ్రీలకు కరిగినా, దాని మీద క్షణాలలో ఏర్పడే ఆక్సైడు పొర కరగడానికి 2000 డిగ్రీలకు పైగా కావాలి.

గ్యాసు వెల్డింగులో తీగలు

ఇంటి తీగలు ఎక్కువగా పనికివచ్చేది ఆక్సిజన్, ఎసిటిలీన్ మంటతో చేసే గ్యాసు వెల్డింగులోనే. ఈ మంట వేడి 3100 డిగ్రీలు దాటుతుంది. సరిగా అమర్చిన మంట తనంతట తానే కరిగిన ఇనుమును గాలి నుండి చాలవరకు కాపాడుతుంది కనుక కడ్డీకి పూత అవసరము లేదు. పాశ్చాత్యుల పుస్తకాలలో ఇటువంటి సందర్భములో బట్టలు తగిలించే తీగ హ్యాంగరును చెబుతారు. మన దేశములో ఆ స్థానము ఇంటి స్లాబు కట్టేటప్పుడు కమ్మీలను కట్టే బైండింగు వైరుది. ఇది కాల్చి మెత్తబరచిన తక్కువ కర్బనపు ఇనుప తీగ. సన్నముగా ఉంటుంది కనుక రెండు మూడు పోగులు పురిపెట్టి, గరుకు కాగితముతో నూనె, మసి పోయేలా రుద్ది వాడుతారు. రేకు డబ్బా, ధాన్యపు గాదె తలుపు, కిటికీ చట్రము వంటివాటికి ఇది సరిపోతుంది.

అయితే దుకాణపు కడ్డీకి, ఈ తీగకు ముఖ్యమైన తేడా ఒకటి ఉన్నది. కరిగిన ఇనుములో ఆక్సిజన్ చేరి కర్బనముతో కలిస్తే కార్బన్ మోనాక్సైడు బుడగలు వస్తాయి. లోహము గడ్డకట్టేటప్పుడు ఆ బుడగలు లోపలే చిక్కుకొని అతుకు జల్లెడలా తయారవుతుంది. భారత ప్రమాణము ఐ.ఎస్. 1278 కు లోబడి గ్యాసు వెల్డింగు కొరకు తయారుచేసే కడ్డీలలో ఈ ఆక్సిజన్‌ను పట్టుకొనే మాంగనీసు, సిలికాన్ తగిన పాళ్ళలో ఉంటాయి. కట్టడానికి మాత్రమే తయారైన తీగలో వాటికి హామీ లేదు. తీగ కరుగుతున్నప్పుడు మడుగు ఉడికినట్లు పొంగి నిప్పురవ్వలు ఎగజిమ్మితే అది పనికిరాని తీగ అని గ్రహించవచ్చును.

విద్యుత్తు వెల్డింగు రాడ్డు మీది పూత రాలగొట్టి, లోపలి తీగను గ్యాసుకు వాడేవారున్నారు. అది కూడా వెల్డింగు రాడ్డే కదా అన్న వాదన సరికాదు. ఆ రాడ్డులో ఆక్సిజన్‌ను పట్టుకొనే పదార్థాలు పూతలోనే ఉంటాయి. పూత తీసివేసిన తరువాత మిగిలేది మామూలు తీగ మాత్రమే.

ఇంటి వస్తువులన్నింటిలోను మేలైనది నిజానికి తీగ కాదు, అతకవలసిన రేకు నుండే కత్తిరించిన సన్నని పట్టీ. రెండూ ఒకే లోహము కనుక గుణాలలో తేడా రాదు. పలుచని రేకులకైతే అంచులను కొద్దిగా నిలువుగా మడిచి, ఆ మడతలనే కరిగించి కలిపితే పూరకము కూడా అక్కరలేదు.

సైకిలు పుల్లలు (స్పోకులు), కమాను ముక్కలు కర్బనము ఎక్కువ గల ఉక్కుతో చేసినవి. వీటితో వేసిన అతుకు చల్లారగానే గాజులా పెళుసుబారి, పక్కన సన్నని పగుళ్ళు వస్తాయి.

పోత ఇనుము, ఇత్తడి

పగిలిన పంపు కవచము, చెరకు గానుగ చట్రము వంటి పోత ఇనుప వస్తువులకు తీగ పనికిరాదు. వీటికి పాత ఇంజన్లలోని అరిగిన పిస్టన్ రింగులను పూరకముగా వాడడము అనేక దేశాల మరమ్మతు పనివారికి తెలిసిన ఉపాయము. ఆ రింగులు ఎక్కువగా పోత ఇనుముతో చేసినవే కనుక ఈ ఉపాయము శాస్త్రీయముగా సరైనదే. క్రోమియం పూత ఉన్న రింగులు మాత్రము పనికిరావు. పోత ఇనుము సాగే గుణము లేనిది. అందుచేత అతికే ముందు వస్తువునంతటినీ ఎర్రగా కాల్చి, తరువాత గాలి తగలకుండా ఒకటి రెండు రోజులు మెల్లగా చల్లార్చాలి. ఇందుకు పొయ్యి బూడిదనుగాని పొడి సున్నమునుగాని వాడుతారు. సున్నపు బట్టీలకు పేరుపొందిన పిడుగురాళ్ళ గల ఈ ప్రాంతములో సున్నానికి కొదువ లేదు.

విరిగిన ఇత్తడి ముక్కలను వెలిగారముతో కలిపి ఇనుమును అతకవచ్చును. ఇత్తడి 900 నుండి 940 డిగ్రీల వద్ద కరుగుతుంది. కాని దానిలోని జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది కనుక ఏమాత్రము వేడి ఎక్కువైనా తెల్లని పొగ లేస్తుంది. పాత కుళాయిల ఇత్తడిలో సులువుగా తరచడానికి సీసము కలుపుతారు. అటువంటి ముక్క పొగలో సీసము కూడా ఉంటుంది, అతుకు కూడా వేడిలో చిట్లుతుంది.

విద్యుత్తు వెల్డింగు

1880వ దశకములో రష్యా సామ్రాజ్యములో బెనార్డోస్ బొగ్గు కడ్డీతో, స్లావ్యానోవ్ ఇనుప కడ్డీతో విద్యుత్తు చాపము (ఆర్కు) సాయముతో లోహాలను అతికారు. అప్పటి ఇనుప కడ్డీ పూత లేని వట్టి తీగ. కరిగిన ఇనుము గాలిలోని ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను పీల్చుకొని పెళుసుబారేది. స్వీడన్ దేశస్థుడు ఆస్కార్ షెల్బెర్గ్ 1900వ దశకములో తీగను కార్బొనేటులు, సిలికేటులు కలిపిన చిక్కని ముద్దలో ముంచి ఆరబెట్టి పూత రాడ్డును తయారుచేశాడు. నేటికీ ఒక రకము రాడ్ల పూతలో ముఖ్యమైన పదార్థము పల్నాటి నేలలో పుష్కలముగా ఉన్న సున్నపురాయే. వేడికి అది విడుదలచేసే కార్బన్ డయాక్సైడు అతుకుకు గొడుగుగా నిలుస్తుంది.

అంత మాత్రాన తీగకు తడి సున్నము పూసి రాడ్డు చేసుకోవచ్చునని కాదు. పూతలో మిగిలిన తేమ నుండి హైడ్రోజన్ విడుదలై ఉక్కులో దూరి, పని ముగిసిన కొన్ని గంటల తరువాత కూడా అతుకు పగలవచ్చును. కర్మాగారములో ఈ రకము రాడ్లను అధిక వేడి వద్ద కాల్చి ఆరబెట్టడానికి కారణము ఇదే. తీగకు కాగితము చుట్టి వాడితే కాగితము కాలిన పొగ కొంత రక్షణ ఇస్తుంది, చాపము కూడా నిలుస్తుంది. అతుకు నాణ్యత మాత్రము ఒక అంగుళము నుండి మరొక అంగుళానికి మారుతుంది. ఇంటి తీగలతో విద్యుత్తు వెల్డింగు చేయకపోవడమే ఉత్తమము. ఐ.ఎస్. 814 ముద్ర గల ఒక్క రాడ్డు చేసే పనిని ఏ తీగా చేయలేదు.

అయిపోయిన టార్చిలైటు బ్యాటరీలలోని బొగ్గు కడ్డీతో ఆర్కు పుట్టించడము, మూడు 12 వోల్టుల వాహన బ్యాటరీలను వరుసగా కలిపి అడవిలోనో పొలములోనో అతకడము ప్రపంచమంతటా అత్యవసర పద్ధతులుగా ప్రచారములో ఉన్నాయి. వాహన బ్యాటరీ నుండి వెలువడే హైడ్రోజన్ నిప్పురవ్వకు పేలి ఆమ్లము ముఖము మీద చిమ్మే ప్రమాదమున్నది. ఉప్పునీటి పీపా ద్వారా ఇంటి కరెంటును నేరుగా వాడే ఏర్పాటు ఇంకా ఘోరమైనది. ట్రాన్స్‌ఫార్మరు లేదు కనుక పట్టుకున్న కడ్డీలోనే 230 వోల్టులు ఉంటాయి.

ప్రమాదాలు

కంచె తీగ, బక్కెట్లు, నీటి పైపుల మీద తుప్పు పట్టకుండా జింకు పూత ఉంటుంది. జి.ఐ. తీగను పూరకముగా వాడినప్పుడు లేచే తెల్లని పొగ పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలి, జ్వరము, ఒళ్ళు నొప్పులు, నోటిలో లోహపు రుచి కలుగుతాయి. ఇది సాధారణముగా ఒకటి రెండు రోజులలో తగ్గుతుంది కనుక చాలామంది మామూలు జ్వరమని భ్రమిస్తారు. పాలు త్రాగితే లేదా బెల్లము తింటే పొగ విరిగిపోతుందని వెల్డింగు పనివారిలో గట్టి నమ్మకమున్నది. ఊపిరితిత్తులలోనికి పోయిన పొగను కడుపులోనికి పోయిన పాలు ఆపలేవు. ఆరుబయట, గాలి వాటమునకు పక్కగా నిలబడి పనిచేయడము, జింకు పూతను ముందే గీకివేయడము అసలైన నివారణలు.

కార్బైడు మీద నీరు పోసి ఎసిటిలీన్ తయారుచేసే డబ్బాల వాడకము మరొక సమస్య. ఈ వాయువును సుమారు ఒకటిన్నర వాతావరణ పీడనానికి మించి ఒత్తితే ఆక్సిజన్ లేకుండానే పేలగలదు. దీని గొట్టాలను కలపడానికి ఇంట్లో దొరికిన రాగి గొట్టము ముక్కను వాడడము ప్రాణాంతకము. రాగి, ఎసిటిలీన్ కలిసి స్వల్ప రాపిడికే పేలే పదార్థముగా మారుతాయి. కాల్షియం కార్బైడు నిల్వ, రవాణా 1987 నాటి కేంద్ర నిబంధనలకు లోబడి ఉన్నాయి. ఖాళీ డీజిలు డ్రమ్ములను, పురుగుమందు డబ్బాలను లోపల కడగకుండా అతకడము కూడా అంతే ప్రమాదము.

రాష్ట్రములో వేసవి ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఈ జిల్లాలోనిదే. చెమటతో తడిసిన చర్మము విద్యుత్తును సులువుగా ప్రవహింపజేస్తుంది. మామూలుగా పెద్దగా తెలియని వెల్డింగు యంత్రపు 50 నుండి 80 వోల్టులు కూడా అప్పుడు ప్రమాదకరమవుతాయి. చేతొడుగులు ఉక్కపోతగా ఉన్నాయని తీసివేసేది కూడా సరిగ్గా ఈ నెలలలోనే.

బరువు మోసే అతుకులు

మిరప కోతల కాలములో కూలీలు ట్రాక్టరు ట్రక్కులలో ప్రయాణించడము పల్నాడులో సాధారణ దృశ్యము. ట్రక్కును ట్రాక్టరుకు తగిలించే కొక్కెము, ఇరుసు, బ్రేకు భాగాలు, నిచ్చెన మెట్లు, ఎత్తుడు గొలుసులు, గ్యాసు సిలిండర్లు వంటివాటిలో ఇంటి తీగతో వేసిన అతుకుకు చోటు లేదు. కొక్కెము మీద పడే బరువు ఒకేలా ఉండదు. ప్రతి గతుకులోను లాగి వదలుతుంది. బుడగలున్న అతుకు మొదటి రోజున నిలిచి, కొన్ని వేల కుదుపుల తరువాత ఒక బుడగ అంచున మొదలైన పగులుతో తెగిపోతుంది. తెగేముందు పైకి ఏ గుర్తూ కనిపించకపోవచ్చును.

తీగను నమ్మవచ్చునా లేదా అన్నది తేల్చడానికి పనివారు చేసే పరీక్ష సులువైనది. అదే మందము గల రెండు చిత్తు ముక్కలను ఆ తీగతోనే ఒకవైపు నుండి అతికి, చల్లారిన తరువాత వైసులో బిగించి, అతుకు వేర్లు తెరుచుకొనేలా సుత్తితో వంచాలి. అతుకు విరగకుండా ముక్క మడతపడితే ఆ తీగ తేలికపాటి పనులకు పనికివస్తుంది. విరిగితే విరిగిన ముఖాన్ని చూడాలి. గుండ్రని రంధ్రాలు కనిపిస్తే వాయువు చిక్కుకున్నదని, నల్లని గీతలు ఉంటే చిట్టెము లోపల ఉండిపోయినదని, మెరిసే పెద్ద గింజలతో చదునుగా తెగితే లోహము పెళుసుబారినదని అర్థము.