పిడికెడు బియ్యం లెక్క

పొయ్యి మీద ఎసరు మరుగుతుంటుంది. ఇంటిల్లిపాదికీ సరిపడా బియ్యం కొలిచి చేటలో పోసుకున్న ఇల్లాలు, కడిగే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న చిన్న కుండలో వేస్తుంది. పూటకో పిడికెడు. ఆదివారం ఆ కుండలోది గుడ్డసంచిలోకి, సంచిలోది గుడిలో పెట్టిన గంపలోకి. డోర్నకల్ చుట్టుపక్కల సంఘాల్లో తరాల తరబడి కానుక ఇలాగే పోగయింది. బియ్యం వండుకునే స్తోమత లేని ఇళ్లనుంచి జొన్నలు వచ్చేవి. గంప ఏ గింజనూ కాదనలేదు.

ఈ ఏడు మా సంఘం పరిచర్య కమిటీ నుంచి ముగ్గురు తప్పుకుంటున్నారు. వాళ్లను సన్మానించాలని సంఘం తీర్మానించింది. కమిటీ పద్దులు రాసేవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాయమని అయ్యగారు నాకు పురమాయించారు. వాళ్ల గురించి చెప్పాలంటే, వాళ్లకంటే ముందు ఆ పని చేసినవాళ్ల గురించి చెప్పాలి.

ఈ పని మొదలైంది ఒక ఫిర్యాదుతో. యెరూషలేములో తొలి సంఘం రోజూ విధవరాళ్లకు భోజనం పెట్టేది. గ్రీకు మాట్లాడే విధవరాళ్లను చిన్నచూపు చూస్తున్నారని గొణుగుడు పుట్టింది. అపొస్తలులు ఆ మాట కొట్టిపారేయలేదు. మంచిపేరున్న ఏడుగురిని మీరే ఎన్నుకోండని సంఘానికే వదిలారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అపొస్తలుల కార్యముల ఆరో అధ్యాయంలో ఏడు పేర్లూ ఉన్నాయి. పంపకంలో తేడా వస్తే సంఘం చీలుతుందని ఆనాడే తెలుసు. అందుకే వడ్డించే చేయి నమ్మకమైనదై ఉండాలన్నారు. పౌలు కూడా యెరూషలేములోని పేదలకు చందా పోగుచేసినప్పుడు ఆ సొమ్ము ఒంటరిగా పట్టుకెళ్లలేదు. ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు ఏర్పరచిన మనుషుల్ని వెంటబెట్టుకున్నాడు. సుమారు క్రీ.శ. 155లో రోమ్‌లో క్రైస్తవ రచయిత జస్టిన్ రాసినదాన్నిబట్టి, ఆదివారం పోగైన కానుకతో అనాథలను, విధవరాళ్లను, రోగులను, చెరసాలలో ఉన్నవారిని, పరదేశులను ఆదుకునేవారు. ఇవాళ మా పద్దులో ఉన్న ఖర్చులూ దాదాపు ఇవే.

తెలుగు నేల మీద ఈ పనికి అతి పెద్ద పరీక్ష 1876-78 కరువు. ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ మిషనరీ కాకముందు అమెరికాలో భూములు సర్వే చేసినవాడు. బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు కూలి ఇప్పించాడు. తన దగ్గరున్న తెలుగు బోధకులనే మేస్త్రీలుగా నిలబెట్టాడు. కూడు కోసం మతంలోకి వస్తున్నారన్న మాట పడకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చరిత్రకారులు ఆ అంకె దగ్గర ఆగుతారు. నాకు మాత్రం గట్టు మీద నిలబడి, పొద్దుగూకాక ఎవరికెంత కూలి అని లెక్క తేల్చిన ఆ బోధకులు గుర్తుకొస్తారు. వాళ్లకు ఎవరూ దండ వేసినట్టు లేదు.

మెదక్ గుడి సంగతీ అంతే. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ కెథడ్రల్‌ను మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్, కరువులో పనికి కూడు పెట్టి కట్టించాడని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పోస్నెట్ పేరు నిలిచింది. రోజూ అంతమందికి వండి వార్చినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు.

మా వైపు దారి వేరు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. తిరునెల్వేలి వైపు తమిళుడు, మన భాష నేర్చుకుని మనవాడయ్యారు. ఆయన సంఘంలో ఎక్కువమంది భూమి లేని మాల మాదిగ కూలీలు. వాళ్ల దగ్గర ఏముందని ఇవ్వడానికి అని ఎవరైనా అనొచ్చు. ఆయన అలా అనుకోలేదు. చేయిచాచడమే అలవాటైన సంఘం తలెత్తి నిలబడలేదని ఆయన నమ్మకం. క్రైస్తవుడు ఎందుకు ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి అని ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. పిడికెడు బియ్యం, కోతల పండుగ నాటి ధాన్యం, కోళ్లు, గుమ్మడికాయలు ఈ మేత్రాసనంలో అలా వేళ్లూనుకున్నాయి. ఆ కానుకలతో ఊళ్లో బోధకుడి పొట్ట నిండింది, కష్టంలో ఉన్న ఇంటికి ఆసరా దొరికింది. 1939 జనవరిలో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథడ్రల్‌ను చూడటానికి ఇప్పటికీ దూరాలనుంచి వస్తారు. ఆ గుడితోపాటు గంపనూ చూడాలని నేనంటాను. కూలివాళ్లు తమకంటే పేదవాళ్లను చూసుకోగలరని రుజువు చేసింది ఆ గంపే.

గంప నిండితే సరిపోదు. ఆ బియ్యాన్ని కొలవాలి, అమ్మాలి, డబ్బు దాచాలి, అవసరం ఎవరిదో కనిపెట్టాలి. ఇప్పుడు తప్పుకుంటున్న ముగ్గురూ చేసింది ఆ పనే.

బియ్యం చూసుకున్నది మేమందరం పెద్దమ్మ అని పిలిచే ఆవిడ. ఆరాధన అయ్యాక అందరూ వందనాలు చెప్పుకుంటూ వెళ్లిపోతే, ఆవిడ కొంగు నడుముకు దోపుకుని గంప ముందు కూర్చునేది. రేషన్ బియ్యం ఒక కుప్ప, సన్నబియ్యం ఒక కుప్ప, దొడ్డుబియ్యం ఒక కుప్ప. సంచుల్లోంచి పోసేటప్పుడే వేటికవి విడదీసేది. ఎందుకింత శ్రమ అని ఒకసారి అడిగాను. “అన్నీ కలిపి వండితే కొన్ని మెత్తనైతయి, కొన్ని పలుకు మిగులుతయి నాయనా. మనింట్ల తినని అన్నం వాళ్లకెట్ల పెడతం?” అంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసినప్పుడు మా సంఘం పాతబట్టలు మూటగట్టింది. అప్పుడు వయసులో ఉన్న ఆవిడ రాత్రంతా కూర్చుని ప్రతి చొక్కాకూ గుండీలు చూసి, ఊడినచోట కుట్టింది. చిరుగు కనబడితే మాటు వేసింది. మాటు వేయడానికీ పనికిరానివి మూటలోకి వెళ్లనివ్వలేదు.

రెండో ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. జబ్బు పడ్డవాళ్లను రైలెక్కించి వరంగల్ ఎంజీఎంకో ఖమ్మానికో తీసుకెళ్లడం ఆయన వంతు. ఓపీ చీటీ ఎక్కడ రాయించుకోవాలి, ఎక్స్‌రే కోసం ఏ వరండాలో నిలబడాలి, రాత్రి తోడున్నవాళ్లు ఎక్కడ నడుం వాల్చవచ్చు, ఇవన్నీ ఆయనకు కంఠస్థం. టిక్కెట్టు డబ్బులు కమిటీ ఇచ్చేది. టీ డబ్బులు మాత్రం ఏనాడూ పద్దులో రాయనివ్వలేదు.

మూడో ఆయన బడిపంతులు, మా కోశాధికారి. కానుక పెట్టెకు రెండు తాళాలు వేయించి రెండో తాళంచెవి స్త్రీల మైత్రి దగ్గర ఉంచారు. ఇద్దరూ ఉంటే తప్ప పెట్టె తెరుచుకోదు. సాయం అందుకున్నవాళ్ల పేరు పద్దులో రాయకూడదని పట్టుబట్టిందీ ఆయనే. నా పుస్తకంలో ‘ఇంటి కప్పుకు’, ‘కళ్లద్దాలకు’, ‘పదో తరగతి పరీక్ష ఫీజుకు’ అని ఉంటుంది. ఎవరికని ఉండదు. ఇచ్చేది కూడా దీపాలు పెట్టాక, వీధిలో అలికిడి తగ్గాకే.

మరి ఇలాంటివాళ్లను ఎలా సన్మానించాలి? శాలువా, పూలదండ, గేటు దగ్గర ఫ్లెక్సీ మన దగ్గర ఆనవాయితీ అయ్యాయి. అవి వద్దని అనను. కష్టపడ్డవాళ్ల భుజం మీద నాలుగు గజాల బట్ట కప్పడం సంఘానికి సంతోషమే. కానీ మన పెద్దలు ఇంకో ఆనవాయితీ పాటించేవారు. దిగిపోయే కమిటీ సంఘం ముందు లెక్క చదివి, మిగులు చూపించి, తాళంచెవులు కొత్తవాళ్ల చేతిలో పెట్టేది. అది క్రమంగా తగ్గిపోయింది. నాకు నిజంగా బాధ కలిగించేది అదే. నమ్మకంగా పనిచేసినవాడికి తన లెక్క నలుగురి ముందు సరిపోవడం కంటే పెద్ద మర్యాద లేదు.

పేర్లు చెప్పకూడని పనిని పొగడటం ఎలా అని కొందరు అడుగుతున్నారు. దానికి దారి యొప్పేలో ఉంది. దొర్కా అనే తబితా చనిపోయినప్పుడు పేతురు వస్తే, ఆమె గురించి పెద్దలెవరూ ప్రసంగం చేయలేదు. విధవరాళ్లు ఏడుస్తూ ఆమె కుట్టిపెట్టిన అంగీలు, వస్త్రాలు తెచ్చి చూపించారు. అందుకున్నవాళ్లు తమంతట తాము చెప్పారు. ఆ హక్కు వాళ్లది, కమిటీది కాదు. పౌలు కూడా రోమా పత్రిక చివర కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబేను పరిచయం చేస్తూ, ఆమె చాలామందికీ తనకూ సాయపడిందని రాశాడు. అక్కడ అందుకున్నవాడే సాక్ష్యం చెప్పాడు.

కాబట్టి సంఘానికి నా మనవి. సన్మానం రోజున ముందుగా లెక్క చదువుదాం, పేర్లు లేకుండా, ఖర్చు ఖర్చుగా. పెట్టె తాళాలు అందరూ చూస్తుండగా చేతులు మారాలి. ఆ తర్వాత శాలువాలు కప్పి, మైకు కాసేపు ఖాళీగా వదిలేద్దాం. చెప్పాలనుకున్నవాళ్లు లేచి చెబుతారు, వద్దనుకున్నవాళ్లను ఎవరూ అడగరు. ఒక్కరూ లేవకపోయినా ఆ ముగ్గురికి ఏ లోటూ ఉండదు, సంఘమంతా వాళ్ల లెక్క విన్నది కాబట్టి.