ఊరి బడి, వాడ బడి

జగిత్యాల రైతాంగ పోరాటాన్ని మనం భూమి, వెట్టి, జరిమానాల చరిత్రగానే చదువుకున్నాం. 1978 సెప్టెంబరు 7న జైత్రయాత్ర జరిగింది. అక్టోబరుకల్లా జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలయ్యాయి. గడి కదిలింది. మరి ఊరికీ వాడకూ నడుమ ఎడం మాటేమిటన్నది నా ప్రశ్న.

ఒకచోట నివసించే పిల్లలంతా, కులం, ఆస్తి చూడకుండా ఒకే బడిలో చదవాలని 1964–66 నాటి కొఠారీ కమిషన్ చెప్పింది. మంచి మాటే. కాని మన పల్లెల్లో ఎవరి పొరుగున ఎవరుండాలో నిర్ణయించింది కులం. ప్రభుత్వం ఇళ్లస్థలాలిచ్చినప్పుడు కూడా 'హరిజన కాలనీ' చాలాచోట్ల ఊరి చివరనే లేచింది. అక్కడ బడి పెడితే అది వాడ బడే. 2009 విద్యాహక్కు చట్టం వచ్చాక నిబంధనలు 1 కిలోమీటరు లోపల ప్రాథమిక బడి ఉండాలన్నాయి. ఆ కిలోమీటరులో ఎవరుంటారో అడగలేదు.

అమెరికా సుప్రీంకోర్టు 1954లో వేరు బడులు రాజ్యాంగవిరుద్ధమన్నది. 1974లో డెట్రాయిట్ నగర బడులను శివారు బడులతో కలపడానికి అదే కోర్టు ఒప్పుకోలేదు. ఇళ్లు వేరైనచోట బడులూ వేరుగానే మిగిలాయి.

ఇక్కడా అంతే. ఊరి నడుమనున్న సర్కారు బడికి వాడ పిల్లలు వచ్చేసరికి, కలిగినవాళ్ల పిల్లలు ప్రైవేటు బస్సెక్కి జగిత్యాలకో కోరుట్లకో పోతున్నారు.